నైట్రో ఇంజిన్ మీద .12, .15, .21, .28 అంకెలు: పెద్దది వేస్తే స్పీడ్ పెరుగుతుందా?

కొత్తగ్లోప్లగ్:
అందరికీ నమస్తే. నా దగ్గర 1/10 స్కేల్ రిమోట్ కంట్రోల్ నైట్రో స్టేడియం ట్రక్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఇంజిన్ .15 అని చెప్పారు. ఈమధ్య లాగడం తగ్గింది, బాగా వేడెక్కాక ఆగిపోతోంది కూడా. ఫ్రెండ్ ఏమో .21 వేసేయ్, లేదంటే ఏకంగా .28 వేసెయ్ అంటున్నాడు. చూస్తే ఒక చోట .21 అని, ఇంకో చోట 3.5 అని, మరో చోట 26 సీసీ అని రాసి ఉంటోంది. అసలు ఈ అంకెలకి అర్థం ఏంటి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా మార్చుకోవాలి? అంకె పెద్దదైతే బండి స్పీడ్ పెరిగినట్టేనా? నా ట్రక్‌లో ఎంత వరకు పడుతుందో కూడా చెప్పండి ప్లీజ్.

క్లచ్‌బెల్:
ముందు అంకెల సంగతి చూద్దాం. .15, .21 అనేవి క్యూబిక్ ఇంచుల్లో ఇంజిన్ కెపాసిటీ, అంటే పిస్టన్ కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు సిలిండర్‌లో ఎంత చోటు తుడుచుకుంటూ వెళ్తుందో అది. ఒక క్యూబిక్ ఇంచ్ అంటే 16.387 సీసీ, దాంతో గుణిస్తే చాలు. .12 సుమారు 2 సీసీ, .15 అంటే 2.5, .18 దాదాపు 3, .21 అంటే 3.5 దగ్గర, .28 అంటే 4.6. కాబట్టి నువ్వు చూసిన .21, 3.5 రెండూ ఒకటే క్లాస్. ట్రాక్సాస్ వాళ్లు ఇంజిన్ పేరులోనే 2.5, 3.3 అని సీసీలు పెట్టేస్తారు, అందుకే కొత్తవాళ్లకి కన్‌ఫ్యూజన్.

నమ్మకం లేకపోతే నువ్వే లెక్క వేసుకో. .21 రేసింగ్ ఇంజిన్లలో చాలావాటికి బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 16.27 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 16.8 ఉంటుంది. బోర్‌ని బోర్‌తో గుణించి, 0.785తో గుణించి, మళ్లీ స్ట్రోక్‌తో గుణిస్తే 3490 క్యూబిక్ మిల్లీమీటర్లు వస్తుంది, అంటే 3.49 సీసీ. అంతర్జాతీయ 1/8 ఆఫ్‌రోడ్ రేసుల్లో పరిమితి 3.5 సీసీ, దాన్ని దాటకుండా ఎంత దగ్గరికి వెళ్లారో చూడు.

26 సీసీ మాత్రం వేరే లోకం. అది 1/5 స్కేల్ బళ్లలో వచ్చే పెట్రోల్ ఇంజిన్, స్పార్క్ ప్లగ్‌తో నడుస్తుంది. మనవి మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిసిన ఇంధనంతో గ్లో ప్లగ్ మీద నడుస్తాయి. ప్లగ్‌లో ఉండే ప్లాటినం తీగ మిథనాల్ తగిలితే ఎర్రగా కాలుతూనే ఉంటుంది, అందుకే ఒకసారి స్టార్ట్ అయ్యాక బ్యాటరీ తీసేసినా ఇంజిన్ నడుస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవద్దు.

పైప్‌అండ్‌పోర్ట్:
పైన చెప్పినదంతా కరెక్ట్. అయితే అసలు ప్రశ్న .28 వేస్తే స్పీడ్ పెరుగుతుందా అన్నది. నా మాట అడిగితే కెపాసిటీ అంకె చూసి ఇంజిన్ కొనడమంత తప్పు ఇంకోటి లేదు. .28 లాంటి పెద్దవి మాన్‌స్టర్ ట్రక్కుల కోసం, ఎందుకంటే అవి బరువు, టైర్లు పెద్దవి, నిలబడ్డ చోటు నుంచి లాగడానికి టార్క్ కావాలి. అదే 1/8 బగ్గీలో మంచి .21 రేసింగ్ ఇంజిన్ 30 వేల ఆర్‌పీఎం పైన తిరిగి, లాంగ్ స్ట్రెయిట్‌లో చాలా .28లను వెనక వదిలేస్తుంది. .12 ఇంకా చిన్నది, కానీ 1/10 టూరింగ్ కార్లలో రెండు స్పీడుల గేర్‌బాక్స్‌తో అది పోయే పోకడ చూస్తే కళ్లు తిరుగుతాయి. పోర్టులు (సిలిండర్ గోడలోని రంధ్రాలు) ఎక్కడ, ఎంత ఎత్తులో తెరుచుకుంటున్నాయి, కార్బ్యురేటర్ నోరు ఎంత, వెనక పైప్ ఏది, ఇవన్నీ కలిసి పవర్ ఎక్కడ వస్తుందో తేలుస్తాయి, సీసీ ఒక్కటే కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇంజిన్లు రెండు కుటుంబాలు: స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్. .12 నుంచి .18 వరకు సాధారణంగా స్మాల్ బ్లాక్, .21 నుంచి పైన బిగ్ బ్లాక్. క్రాంక్‌కేస్ సైజే వేరు, మౌంటు రంధ్రాల దూరం వేరు. నీ ట్రక్ .15 కోసం చేసిన చాసిస్. అందులో .21 పెట్టాలంటే ఇంజిన్ మౌంట్, ఫ్లైవీల్, క్లచ్, పైప్, ఒక్కోసారి రేడియో ప్లేట్ కూడా మార్చాలి. అంతా చేశాక డిఫరెన్షియల్, డ్రైవ్ షాఫ్టులు ఆ దెబ్బకి నిలవవు. 1/10 బండి గేర్ పళ్లు అంత లోడ్‌కి చేసినవి కావు, ఏది బలహీనంగా ఉంటే అది ముందు పోతుంది, అది మార్చితే దాని పక్కది పోతుంది. పైగా ట్యాంక్ చిన్నది, పెద్ద ఇంజిన్ దాన్ని ఇట్టే తాగేస్తుంది. 1/8 బగ్గీకి 125 సీసీ ట్యాంక్ ఇచ్చినా రేసులో పది నిమిషాలు దాటడం కష్టం.

అప్‌గ్రేడ్ కావాలంటే .18కి వెళ్లు. స్మాల్ బ్లాక్‌లో స్మాల్ బ్లాక్ చాలావరకు కూర్చుంటుంది. కొనే ముందు మూడు చూసుకో: క్రాంక్‌షాఫ్ట్ చివర నీ క్లచ్‌కి సరిపోయే రకమేనా, ఎగ్జాస్ట్ పక్కకా వెనక్కా, స్టార్ట్ చేసేది పుల్ స్టార్టరా స్టార్టర్ బాక్సా.

టూరింగ్‌పిచ్చి:
ఇంజిన్ జోలికి పోకముందు క్లచ్ బెల్ (క్లచ్ మీద ఉండే చిన్న పళ్ల చక్రం) మార్చి చూడు. ఒక్క పన్ను పెరిగితే టాప్ స్పీడ్ పెరుగుతుంది, లాగడం కొంచెం తగ్గుతుంది; ఒకటి తగ్గిస్తే అది తలకిందులవుతుంది. ఇంజిన్ ధరతో పోలిస్తే దీనికి అయ్యేది ఎంతో తక్కువ. ఒక మాట, పళ్లు మార్చినప్పుడల్లా స్పర్ గేర్‌కీ (బెల్ తిప్పే పెద్ద గేర్) బెల్‌కీ మధ్య ఖాళీ మళ్లీ సరిచేయాలి. మధ్యలో పల్చటి కాగితం ముక్క పెట్టి ఇంజిన్ బిగిస్తే సరిగ్గా వస్తుంది.

సర్వీస్‌టేబుల్:
అందరూ కెపాసిటీ గురించి మాట్లాడుతున్నారు, అడిగినవాళ్లు రాసిన రెండో వాక్యం ఎవరూ చూడలేదు. లాగడం తగ్గింది, వేడెక్కాక ఆగిపోతోంది. అది .15 చాలకపోవడం కాదండీ, ఇంజిన్ అరిగిపోవడం అయినా కావాలి, మిక్స్చర్ లీన్ (గాలికి తగ్గ ఇంధనం అందకపోవడం; ఎక్కువైతే రిచ్) అయినా కావాలి.

మన ఇంజిన్లలో పిస్టన్‌కి రింగులు ఉండవు. స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పైభాగం లోపల కాస్త ఇరుకుగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చేసరికి అక్కడ బిగుస్తుంది. దాన్ని పించ్ అంటారు. వేడెక్కాక స్లీవ్ వ్యాకోచించి సరైన ఖాళీ ఇస్తుంది. అరిగితే ఆ బిగుతు పోతుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయినా వేడి మీద కంప్రెషన్ చాలక ఆగిపోతుంది. పరీక్ష సులభం: ఇంజిన్ పూర్తిగా చల్లారాక గ్లో ప్లగ్ తీసేసి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి. పైన ఒక్క క్షణం పట్టుకోవాలి. గిరగిరా తిరిగేస్తే పిస్టన్, స్లీవ్ పని అయిపోయినట్టే. మిక్స్చర్ సంగతి తేలాలంటే ఐడిల్‌లో ఫ్యూయల్ ట్యూబ్ నొక్కి పట్టుకుని ఎన్ని సెకన్లకి ఆగుతుందో చూడండి.

కొత్తగ్లోప్లగ్:
ఇప్పుడే చూశానండీ. ప్లగ్ తీసి తిప్పితే ఎక్కడా పట్టడం లేదు, ఒకే తీరుగా తిరుగుతోంది. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్యూబ్ నొక్కి పట్టుకుంటే కొంచెం ఆర్‌పీఎం పెరిగి మూడు నాలుగు సెకన్లకి ఆగింది. ఇప్పుడు పిస్టన్ స్లీవ్ సెట్ వేయాలా, .18 కొనేయాలా?

సర్వీస్‌టేబుల్:
అంటే లో స్పీడ్ నీడిల్ (ఐడిల్‌లో ఇంధనాన్ని సరిచేసే స్క్రూ) దాదాపు బాగానే ఉంది, సమస్య అరుగుదలే. బేరింగులు గరగర శబ్దం లేకుండా తిరుగుతూ, కనెక్టింగ్ రాడ్ కూడా సెట్‌తోపాటు దొరికితే పిస్టన్, స్లీవ్, రాడ్ మూడూ కలిపి మార్చండి. విడిగా ఒక్క పిస్టన్ మార్చకండి, అది ఆ స్లీవ్‌కి జతగా చేసింది. బేరింగులు కూడా పోయుంటే ఖర్చు కొత్త ఇంజిన్ దగ్గరికి వచ్చేస్తుంది, అప్పుడు .18 తీసుకోవడమే మేలు.

ఏది వేసినా బ్రేక్ ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా మెల్లగా నడపడం) తొందరపడి చేయకండి. కొంచెం రిచ్‌గా పెట్టి, అలాగని మరీ చల్లగా నడపకుండా, హెడ్ 90 డిగ్రీలు దాటేలా చూసుకుంటూ ఒక్కో ట్యాంక్ తర్వాత పూర్తిగా చల్లారనివ్వండి. ఆపిన ప్రతిసారీ, ఇంజిన్ వేడిగా ఉండగానే ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని కిందికి దించి పెట్టండి, పైన పించ్‌లో ఇరుక్కుని చల్లారితే స్లీవ్‌కి మంచిది కాదు. ఆ తర్వాత మామూలుగా నడిపేటప్పుడు హెడ్ దగ్గర 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. అది దాటుతుంటే హై స్పీడ్ నీడిల్‌ని ఎనిమిదో వంతు తిప్పి రిచ్ చేసి మళ్లీ కొలవండి.