హొనొలులు నుంచి మావికి విమానంలో నిజంగా ఎంతసేపు?

ప్రశ్న: అమ్మానాన్నలతో హవాయి వెళ్తున్నాం. హొనొలులు ఉన్న ఒవాహు దీవి నుంచి మావి దీవికి దూరం 160 కిలోమీటర్లే, కానీ టికెట్‌లో 45 నిమిషాలు అని ఉంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. ఆయన పడవలో వెళ్దామంటున్నారు. ఏది నయం?

జవాబు: పడవ మాట మర్చిపోండి. ఆ రెండు దీవుల మధ్య నడిచిన సూపర్‌ఫెర్రీ 2009లోనే ఆగిపోయింది. టికెట్‌లో ఉన్న టైమ్‌లో రన్‌వే దాకా వెళ్ళడం, దిగాక గేటుకు చేరడం కూడా కలిసే ఉంటాయి. గాలిలో ఉండేది అరగంట లోపే. హవాయియన్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తే రేకు మూత పెట్టిన చిన్న కప్పులో జామ, నారింజ కలిసిన జ్యూస్ ఇస్తారు. మూత తీసి తాగేలోపే ఖాళీ కప్పులు తీసుకోవడానికి వచ్చేస్తారు! ఎడమవైపు కిటికీ సీటు అమ్మగారికి ఇవ్వండి, టేకాఫ్ అయ్యాక డైమండ్ హెడ్ కొండ కనబడుతుంది.

అసలు టైమంతా ఎయిర్‌పోర్టులోనే పోతుంది. సెక్యూరిటీ, నడక, బ్యాగులు, కారు అన్నీ కలిపి సగం రోజు ప్రయాణానికే వదిలేయండి. నాన్నగారికి వీల్‌చైర్ ముందే బుక్ చేయండి, మొహమాటపడొద్దు.

ఇంకో జవాబు: మావిలో మీరు దిగే కహులుయి ఎయిర్‌పోర్టులో అద్దె కార్ల దగ్గరికి ట్రామ్ ఉందండీ, పెద్దవాళ్ళకి సులువు. బిగ్ ఐలాండ్ అనే దీవిలోని హీలో ఊరు కూడా ప్లాన్‌లో ఉంటే అది హొనొలులు నుంచి దాదాపు 350 కిలోమీటర్లు. అయినా గంటలోపే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. వీల్‌చైర్ ఇప్పుడే పెట్టేశాను.