తేలినీలాపురం పక్షుల దగ్గరకు బ్యాటరీ ఆటోలు: అనుభవం ఉన్నవారు చెప్పండి

టెక్కలి మాస్టారు:
పక్షులు వచ్చే కాలంలో, ముఖ్యంగా ఆదివారాలు, సందర్శకుల కార్లూ మోటారుసైకిళ్లూ శ్రీకాకుళం జిల్లాలో మా టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం ఊళ్లోకి వచ్చేస్తున్నాయి. పెలికాన్లూ ఎర్రకాళ్ల కొంగలూ అక్కడ ఊరి చెట్ల మీదనే గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి కాబట్టి, హారన్ల మోతా పొగా నేరుగా వాటికే తగులుతున్నాయి. బండ్లను ఊరి బయటే ఆపించి, అక్కడినుంచి బ్యాటరీ ఆటోలు నడపడం సాధ్యమేనా?

బొబ్బిలి పాఠకురాలు:
మాస్టారూ, మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు యూటా రాష్ట్రంలోని జియాన్ నేషనల్ పార్కు చూశాము. రద్దీ నెలల్లో లోయ దారిలోకి సొంత కార్లను రానివ్వకుండా, 2000 సంవత్సరం నుంచి అక్కడ ఉచిత బస్సులు నడుపుతున్నారు. మొదటి బస్సులు ప్రొపేన్‌తో నడిచేవి. అది మన వంటగ్యాసులోనూ ఉండే వాయువే. 2024 నాటికి వాటన్నిటి స్థానంలో బ్యాటరీ బస్సులు వచ్చాయి. అయితే అసలు మేలు కార్లను ఆపిన రోజే మొదలైందని నా అభిప్రాయం.

పలాస ఆటో యజమాని:
నేను బ్యాటరీ ఆటో నడుపుతున్నాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ చౌకగా వస్తుంది గాని, డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ ఉండాలి, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపితే త్వరగా దెబ్బతింటుంది, ఛార్జింగు పెట్టకుండా నెలల తరబడి వదిలేస్తే ఇక పనికిరాదు. లిథియం బ్యాటరీకి పెట్టుబడి ఎక్కువే అయినా బరువు తక్కువ, మన్నిక ఎక్కువ. మీరు ముఖ్యంగా ఆలోచించవలసింది పక్షులు వెళ్లిపోయిన తర్వాతి నెలల గురించి. అప్పుడు ఆ బండ్లకు టెక్కలిలో కిరాయి దొరక్కపోతే, బ్యాంకు వాయిదాలు కట్టలేక మాలాంటివాళ్లు మరుసటి ఏడాది ముందుకు రారు.

విజయనగరం వాసి:
తిరుమల ఘాట్ రోడ్డులో ఆర్టీసీ 2022 నుంచి విద్యుత్ బస్సులు నడుపుతోంది. కొండ దిగేటప్పుడు మోటారే బస్సు వేగాన్ని తగ్గిస్తూ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. మీ దారిలో ఆ లాభం పెద్దగా రాదు. సీఎన్‌జీ ఆటోలైతే డీజిలు బండ్లంత పొగ వదలవు గాని, ఇంజను చప్పుడు తప్పదు కనుక గూళ్ల దగ్గరకు బ్యాటరీ బండ్లే మేలు.

టెక్కలి మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. పంచాయతీకీ అటవీ శాఖకూ ఇచ్చే వినతిపత్రంలో కార్లను ఊరి బయట ఆపడాన్నే మొదటి కోరికగా రాస్తాను. ఆటో యజమాని గారూ, మిగతా నెలల్లో ఆ బండ్లను బడిపిల్లల కోసం నడిపితే వాయిదాలకు సరిపోతుందా?