డబ్బు మదర్‌బోర్డు మీద పెట్టాలా, ప్రాసెసర్ మీదా?

కీబోర్డు కాకి:
గేమ్స్‌కి, కొంచెం వీడియో ఎడిటింగ్‌కి కొత్త పీసీ కడుతున్నా. రైజెన్ 5 7600 ప్రాసెసర్‌తో ఖరీదైన ఎక్స్670ఈ బోర్డా, లేక రైజెన్ 7 7700తో మామూలు బీ650 బోర్డా? రెండు లెక్కలూ దాదాపు ఒకేచోట తేలుతున్నాయి. బోర్డు బాగుంటే ప్రాసెసర్ తర్వాతైనా మార్చుకోవచ్చని మా ఫ్రెండ్ ఒకటే పోరు.

పాత మానిటర్:
మీ ఫ్రెండ్ మాట వినండి. 2017లో బీ350 బోర్డు కొన్నవాళ్లు చాలామంది, బయోస్ (పీసీని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ దాకా వేసుకున్నారు. మీరు చూస్తున్న బోర్డుల్లో ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కి కూడా 2027 వరకు, ఆ పైన కూడా సపోర్ట్ ఉంటుందని రైజెన్ చేసే ఏఎండీయే చెప్పింది. బోర్డు దగ్గర కక్కుర్తి వద్దు.

అర్ధరాత్రి బిల్డర్:
అన్నా, బీ350 ఏమైనా టాప్ బోర్డా? అదీ మధ్యరకమే. అన్నేళ్లు నడిపించింది సాకెట్టు, బోర్డు రేటు కాదు. 7700 ఎంత తాగినా 88 వాట్లే, దానికి ఏ బీ650 అయినా సరిపోతుంది. ఎక్స్670ఈలో ఎక్కువ వచ్చేవి ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాట్లు, యూఎస్‌బీ పోర్టులు, గ్రాఫిక్స్ కార్డుకి వేగమైన పీసీఐఈ 5.0 కనెక్షన్, వాటితో గేమ్‌లో ఫ్రేములేం పెరగవు. అదే 7600లోని ఆరు కోర్ల బదులు 7700లోలా ఎనిమిది ఉంటే వీడియో రెండర్ అయ్యేటప్పుడు రోజూ తెలుస్తుంది.

పాత మానిటర్:
రేపు 9950ఎక్స్ లాంటి పెద్ద ప్రాసెసర్ వేస్తే? అది 230 వాట్ల దాకా లాగుతుంది. ప్రాసెసర్‌కి కరెంటు సర్దే వీఆర్ఎం మీద వేడి లాగే హీట్‌సింక్ కూడా లేని బోర్డులు చూశాం, వేడెక్కి స్పీడ్ తగ్గించేస్తాయి.

అర్ధరాత్రి బిల్డర్:
ఆ మాట ఒప్పుకుంటా, మరీ అడుగు రకం కొనమని నేనూ చెప్పను. బోర్డులో చూడాల్సినవి రెండే: వీఆర్ఎంకి హీట్‌సింక్, వెనక పోర్టుల పక్కన బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. బయోస్ ఫైల్‌ని కంపెనీ చెప్పిన పేరుతో పెన్‌డ్రైవ్‌లో వేసి, దానికని గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులో పెట్టి, బటన్ నొక్కిపడితే లైటు మిణుకుమంటూ కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది, ప్రాసెసర్ బిగించక్కర్లేదు. పాత బయోస్ ఉన్న బోర్డుకి తర్వాత వచ్చిన 9000 సిరీస్ ప్రాసెసర్ తగిలించి తెర నల్లగా ఉంటే ఆ బటన్ విలువ తెలుస్తుంది. (ఆర్‌జీబీ లైట్లకి అదనంగా ఇచ్చే డబ్బు గురించి మాట్లాడితే గొడవలవుతాయి, వదిలేద్దాం.)

పాత మానిటర్:
సరే, బటన్ ఉన్న బీ650 అయితే నాకు అభ్యంతరం లేదు. ఎక్స్670ఈ దండగ అంటే మాత్రం ఒప్పుకోను, నాలుగు ఎస్‌ఎస్‌డీలు పెట్టుకునేవాళ్లూ ఉంటారు.

కీబోర్డు కాకి:
నాకున్నది ఒక్క ఎస్‌ఎస్‌డీనే. 7700 తీసుకుంటా. ర్యామ్ నాలుగు స్టిక్కులు పెట్టేదా?

అర్ధరాత్రి బిల్డర్:
వద్దు, స్పీడ్ పడిపోతుంది. డీడీఆర్5 రకంలో 6000 స్పీడువి రెండు చాలు, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో దాంట్లో ఒకటి.