పెరటి కొలను జలపాతం: పంపు నడిస్తే నీళ్లు తగ్గుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న:
కొలను 2 మీ. × 1.5 మీ. దానిలోకి 3 మీ. పొడవు, అర మీటరు వెడల్పు వాగు. చివర 30 సెం.మీ. వెడల్పు బండ మీంచి నీళ్లు పడాలి. మొత్తం ఎత్తు 60 సెం.మీ. పంపు డబ్బా మీద గంటకు 4,500 లీటర్లని ఉంది. పైపు 1 అంగుళం, 5 మీ. కానీ నీళ్లు బండ కిందినుంచే జారుతున్నాయి, పైన సన్నటి ధారే. పైగా రాత్రంతా నడిపితే కొలను 4 సెం.మీ. తగ్గుతోంది. ఆపి ఉంచితే తగ్గడం లేదు. లైనర్ (నీరు ఇంకకుండా అడుగున పరిచిన షీటు) చిరిగిందా?

జవాబు 1:
ముందే లైనర్ పీకకండి. వాగులో 5 సెం.మీ. లోతు నీరు నిలిస్తే 75 లీటర్లు. మీ కొలనులో అది 2.5 సెం.మీ. అంటే అంత నీరు వాగులోనే ఉంది. పంపు ఆపి అరగంటాగి కొలవండి, మడుగుల్లో మిగిలింది తప్ప తక్కినది తిరిగొస్తుంది. అప్పటికీ రానిదే పోయిన నీరు. ఆపితే మట్టం నిలుస్తోంది కాబట్టి కొలను బాగానే ఉంది, లోపం వాగులోనే. చాలాసార్లు చిరుగు ఉండదు, రాయి బరువుకు లైనర్ అంచు కుంగి ఉంటుంది. గట్టు వెంట తడి మట్టి ఎక్కడుందో చూసి, అక్కడ అంచును నీటిమట్టానికి 10 సెం.మీ. పైకి లేపి వెనక మట్టి దట్టించండి. అంచు మీంచి లోపలికి వాలిన గడ్డి, మట్టి కూడా వత్తిలా నీళ్లు బయటికి లాగుతాయి, తీసెయ్యండి.

జవాబు 2:
బండ కింద, పక్కల సందుల్లో జలపాతాల కోసం అమ్మే నల్ల ఫోమ్ (చిమ్మాక గట్టిపడే నురగ) కొట్టండి. అది ఉబ్బుతుంది, అందుకే కొంచెం కొంచెంగా వెయ్యాలి, గట్టిపడేదాకా బండ మీద బరువుంచాలి, లేకపోతే బండ లేచిపోతుంది. ఫోమ్ నీటిని పైకి మళ్లిస్తుందంతే, లీకేజీ ఆపేది లైనరే. సిమెంటు మాత్రం వద్దండీ. నేల కుంగగానే పగులుతుంది, దాని సున్నం నీటి పీహెచ్ పెంచి చేపలకు హాని చేస్తుంది.

జవాబు 3:
ధార సన్నబడటానికి పైపు కూడా కారణమే. బండ వెడల్పు ప్రతి సెం.మీ.కి గంటకు 150 లీటర్లు కావాలి, అంటే మీకు 4,500 లీటర్లు పైదాకా చేరాలి. డబ్బా మీద అంకె నీటిని అసలు పైకి ఎత్తనక్కర్లేనప్పటిది. అంత నీరు 1 అంగుళం పైపులో తోస్తే 5 మీటర్ల పొడవునా రాపిడే నీటిని మరో మీటరుకు పైగా ఎత్తడంతో సమానం. ఒకటిన్నర అంగుళాల పైపులో 20 సెం.మీ. లోపే. ముందు పైపు మార్చండి, వంపులు తగ్గించండి. చాలకపోతే 1 మీటరు ఎత్తు దగ్గర 4,500 ఇచ్చే పంపు తీసుకోండి.