ఆర్‌పీజీ 3 నుంచి ఆర్‌పీజీ 4కు: సోర్సు మార్చితే చాలదా, మాడ్యూళ్లుగా విడగొట్టి తీరాలా?

పాతకాపు:
మా ఐబీఎం కంప్యూటరులో ఆర్‌పీజీ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న బిల్లింగ్ ప్రోగ్రాములన్నింటినీ ఆర్‌పీజీ 4లోకి మార్చి, మాడ్యూళ్లుగా (విడిగా కంపైల్ చేసే భాగాలుగా) విడగొట్టాలని నిర్ణయించారు. 1994లో వచ్చిన భాషకు ఇప్పటికైనా మారడంపై నాకు అభ్యంతరం లేదు. మార్పిడి కమాండు ఈ స్పెసిఫికేషన్లను (సోర్సులోని ఒక రకం వరుసలను) డీ స్పెసిఫికేషన్లుగా, ఎల్ స్పెసిఫికేషన్లను ఎఫ్ స్పెసిఫికేషన్లలోని కీవర్డులుగా మారుస్తుంది, ఐదక్షరాలకు కుదించిన ఆప్‌కోడ్లను, అంటే ఆజ్ఞలను, పూర్తి పేర్లతో రాస్తుంది, లాజిక్ జోలికి మాత్రం పోదు. అంతటితో ఆగకుండా, సక్రమంగా నడుస్తున్న ప్రోగ్రామును ముక్కలు చేయవలసిన అవసరమేమిటో ఎవరైనా వివరించగలరా?

లలిత:
అలా మార్చితే మీకు దక్కేది కొత్త లిపిలో పాత ప్రోగ్రామే. పాత పద్ధతి ప్రోగ్రాములు నడిచే డిఫాల్ట్ యాక్టివేషన్ గ్రూపులో (ప్రోగ్రాములు కలిసి నడిచే విభాగంలో) నడిచేలా కంపైల్ చేసినంతకాలం మీరు సొంత వేరియబుళ్లుండే సబ్‌ప్రొసీజరు రాయలేరు, పలు ప్రోగ్రాములు పంచుకునే సర్వీస్ ప్రోగ్రామును బైండ్ చేయలేరు, అంటే మీ ప్రోగ్రాముకు జతచేయలేరు. సబ్‌రొటీన్‌కు సొంత వేరియబుల్ అంటూ ఉండదు కనుక, పన్ను లెక్కలో వాడిన ఫీల్డును డిస్కౌంటు లెక్క చెరిపివేసినా ఎవరికీ తెలియదు.

పాతకాపు:
పన్ను లెక్కను కాపీ మెంబరుగా (కంపైల్ చేసేటప్పుడు ప్రతి ప్రోగ్రాములోకి చేరే ఉమ్మడి సోర్సుగా) ఉంచి ఏళ్ల తరబడి వాడుతున్నాము, ఇబ్బంది రాలేదు. ఆధునికత పేరుతో కూడికకు వాడే పాత ఆజ్ఞ యాడ్‌ను తీసి, లెక్కను సూత్రంగా రాసే ఈవాల్ పెట్టినప్పుడే వచ్చింది. రెండు దశాంశాలున్న ఏడంకెల ఫీల్డులో మొత్తం 99,999.99 దాటగానే ప్రోగ్రాము 103 స్టేటస్‌తో (ఫలితం ఫీల్డులో పట్టదనే లోపంతో) ఆగి, ఆపరేటరు జవాబు కోసం తెల్లవారేదాకా కూర్చుంది. యాడ్ ఉన్నంతకాలం అది ఒక్కసారి కూడా ఆగలేదు.

గణకుడు:
ఆగలేదు, నిజమే. పై అంకెను చప్పుడు చేయకుండా కత్తిరించి, 1,00,000.00 రావలసిన చోట 0.00 వేసింది. దానిని మీరు నడవడం అంటున్నారా?

పాతకాపు:
ఆ ఫీల్డు అంత పెద్ద మొత్తానికి ఉద్దేశించినది కాదు.

గణకుడు:
అయితే ఆగడమే న్యాయం. కంపైల్ చేసేటప్పుడు అంకెల కత్తిరింపు వద్దని చెబితే యాడ్ కూడా అక్కడే ఆగుతుంది. తప్పు ఈవాల్‌ది కాదు.

లలిత:
చర్చ ఈవాల్ గురించి కాదు, దయచేసి గమనించండి.

రాత్రిపాళి:
నా అనుభవం కూడా వినండి. సిస్టమ్ కమాండ్ల భాష అయిన సీఎల్‌లోని ఒక ప్రోగ్రామును కొత్త పద్ధతిలో కంపైల్ చేసి, పేరున్న యాక్టివేషన్ గ్రూపులో పెట్టారు. పూర్వం సీఎల్ ముగియగానే దాని ఫైల్ ఓవర్‌రైడ్ (ఒక ఫైలుకు లేదా మెంబరుకు బదులు మరొకటి వాడమనే ఆదేశం) కూడా పోయేది. ఇప్పుడది గ్రూపు ఉన్నంతవరకు నిలిచి ఉండడంతో, అదే గ్రూపులో తరువాత నడిచిన ప్రోగ్రాము ఫైలులోని వేరే మెంబరును (డేటా భాగాన్ని) చదివింది. నివేదికలో మాత్రం తప్పు ఆపరేషన్స్‌దని రాశారు.

లలిత:
ఓవర్‌రైడ్ పరిధి ఏమిటో మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. చదవడానికి ఇష్టపడనివారు పద్ధతిని నిందించడం నాకు విడ్డూరంగా ఉంది.

పాతకాపు:
చదవనివారమని మమ్మల్ని అనడానికి మీకు ఏ అర్హత ఉందో తెలియదు. మేము చదివాము కనుకనే భయపడుతున్నాము. మరో బృందం సర్వీస్ ప్రోగ్రాములో ఒక కొత్త ప్రొసీజరును చేర్చి, బయటి ప్రోగ్రాములకు ఏ ప్రొసీజర్లు కనిపించాలో చెప్పే బైండర్ సోర్సు లేకుండా అన్నింటినీ ఎక్స్‌పోర్ట్ చేసింది. ఆ ఎక్స్‌పోర్ట్ జాబితాకు గుర్తింపుగా ఉండే సిగ్నేచరు మారిపోయి, నేను ముట్టుకోని నా ప్రోగ్రాములు తెల్లవారుజామున మొదలవకుండానే పడిపోయాయి. సంజాయిషీ ఇచ్చుకున్నది నేను. కాపీ మెంబరులో ఏ మార్పు చేసినా, నా ప్రోగ్రామును నేను కంపైల్ చేసేదాకా అది నన్ను తాకదు.

లలిత:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేవారము కాదు, పాతకాపుగారూ. బైండర్ సోర్సులో పాత ఎక్స్‌పోర్ట్ జాబితాను ప్రీవియస్‌గా ఉంచి, కొత్త పేరును కరెంట్ జాబితా చివర చేర్చితే పాత సిగ్నేచరు చెల్లుతుంది, మీ ప్రోగ్రాములను మళ్లీ బైండ్ చేయనక్కరలేదు. అయితే మీరు కోరుతున్నది మార్పును ఎప్పుడు స్వీకరించాలో నిర్ణయించే హక్కు. పన్ను రేటు మారిన రోజున ఆ హక్కును ప్రతి ప్రోగ్రామరుకూ వదిలివేయడాన్ని నేను అంగీకరించలేను. సగం బిల్లులు పాత రేటుతో పోతాయి.

పాతకాపు:
సగం బిల్లులు పోతే కారకులెవరో తెలుస్తుంది. ఉమ్మడి మాడ్యూలు చెడితే రాత్రి ఫోను ఎవరికి రావాలో మీ ప్రణాళికలో ఎక్కడా రాయలేదు. సర్వీస్ ప్రోగ్రాముకు ఒక యజమానిని పేర్కొని, బైండర్ సోర్సును ఆ వ్యక్తి తప్ప మరొకరు మార్చకుండా అధికారాలు బిగించండి. అప్పటిదాకా పన్ను లెక్క నా కాపీ మెంబరులోనే ఉంటుంది.

గణకుడు:
ఆ ఏడంకెల ఫీల్డును తొమ్మిదికి పెంచారా, లేదా?