57-33తో గెలిచిన రాత్రి నాకెందుకు వెలితిగా అనిపించింది?

లాంగ్‌సైట్ అక్క:

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఉంటూ స్పీడ్‌వే చూసే తెలుగువాళ్లు నలుగురైనా ఉంటారన్న ఆశతో అడుగుతున్నాను.

మాది తెనాలి. మాంచెస్టర్‌లో నర్సుగా చేస్తున్నాను. మూడేళ్ల కిందట మా వార్డులో పనిచేసే ఒక పెద్దాయన మమ్మల్ని గోర్టన్‌లోని నేషనల్ స్పీడ్‌వే స్టేడియానికి తీసుకెళ్లారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: స్పీడ్‌వే అంటే మట్టి ట్రాకు మీద మోటార్‌సైకిల్ రేసు. రెండు జట్ల నుంచి ఇద్దరిద్దరు, మొత్తం నలుగురు రైడర్లు, నాలుగు రౌండ్లు, బ్రేకుల్లేని 500 సీసీ బళ్లు. ఒక్కో రేసును హీట్ అంటారు, నిమిషంలో అయిపోతుంది. వచ్చిన వరసను బట్టి 3, 2, 1, 0 పాయింట్లు. బళ్లు మెథనాల్‌తో నడుస్తాయి, ఇంజన్‌లో పోసేది ఆముదం నుంచి తీసిన ఆయిల్. కాలిన ఆముదం వాసన ముక్కుకు తగలగానే మా అమ్మమ్మ ఇంట్లో దీపం ఆర్పిన క్షణం గుర్తొచ్చింది. అప్పటి నుంచి సోమవారం సాయంత్రం డ్యూటీ పడకుండా చూసుకుంటున్నాను.

ఇక నా ప్రశ్న. ఆ మధ్య ఒక సోమవారం మా మాంచెస్టర్ జట్టు బెల్ వ్యూ ఏసెస్ 57-33తో గెలిచారు. పదిహేను హీట్లలో మొదటి మలుపు దాటాక ఎవరైనా ఎవరినైనా దాటింది మూడింటిలోనే. స్టార్టు దగ్గరి టేపులు లేస్తాయి, మావాళ్ల ఎరుపు, నీలం హెల్మెట్లు ముందుకెళ్తాయి, ఇక చూడటానికేం ఉండదు. మా అబ్బాయికి పదకొండేళ్లు. ప్రోగ్రామ్ పుస్తకంలో హీట్ హీట్‌కీ పాయింట్లు రాసే పని వాడిది. తొమ్మిదో హీట్‌లో బళ్లు ఇంకా రెండో రౌండ్‌లో ఉండగానే 3, 2, 1, 0 రాసేశాడు. పెన్నుతో. అది చూసి మనసు చివుక్కుమంది.

అంతకుముందు నెలలో 44-46తో ఓడిపోయాం. ఆ రాత్రి ఆఖరి హీట్‌లో మావాడొకడు అందరికన్నా వెనక నుంచి కంచె పక్కగా వచ్చి ఇద్దర్ని దాటాడు. ఆ ఇద్దరిలో రెండోవాడిని దాటింది నాలుగో రౌండ్ ఆఖరి మలుపులో. మర్నాడు పొద్దున హ్యాండోవర్‌లో నాకు గొంతు పెగల్లేదు.

ఓడిన రాత్రి కడుపు నిండినట్టు, గెలిచిన రాత్రి వెలితిగా ఇంటికొచ్చాను. క్లబ్బు అన్నాక గెలుపు కోసం ట్రాకును తనకు అనువుగా చేసుకోవాలా, లేక రేసు పండేలా చేయాలా? మీ అనుభవం చెప్పండి.

షెఫీల్డ్ నుంచి:

అక్కా, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. మాది షెఫీల్డ్ జట్టు, ఓవ్లర్టన్ స్టేడియం. 2022 లీగ్ ఫైనల్లో మీ చేతిలోనే ఓడాం. రేసులు బాగున్నాయిలే అని ఆ రాత్రి మాలో ఒక్కరూ సర్దుకోలేదు. మరుసటి ఏడాది ఇప్స్‌విచ్‌ను ఓడించి లీగ్ గెలిచినప్పుడు పక్కనున్న ముసలాయన, అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు ఎన్ని హీట్లలో ఎవరు ఎవరిని దాటారో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

ఇంకో సంగతి. స్విండన్, పీటర్‌బరో, వుల్వర్‌హాంప్టన్‌లలో స్పీడ్‌వే ఆగిపోయింది. అక్కడ దెబ్బకొట్టింది స్థలం గొడవలే, ఓటములు కాదు. అయినా సొంత స్థలం లేని క్లబ్బుకు టికెట్ డబ్బే ఊపిరి. సొంతూళ్లో వరసగా మూడు వారాలు ఓడితే నాతో వచ్చేవాళ్లలో ఇద్దరు మానేశారు. ముందు గెలవాలి, తర్వాతే మిగతావి.

షేల్ చేతులు:

నేను ఒక క్లబ్బులో సెలవు రోజుల్లో ట్రాకు పనికి సాయం వెళ్తుంటాను. ఊరు పేరు వద్దు. అక్కా, ఆ 57-33 రాత్రి కావాలని చేసింది కాకపోవచ్చు.

ట్రాకు మీద పరిచేది షేల్, ఎర్రటి రాతిపొడి. చేతిలోకి తీసుకుని పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. తడి అలా ఉంటేనే రేసు. వెనక చక్రం జారుతూ తిరుగుతుంది కదా, వదులు మట్టిని బయటికి విసురుతుంది. లోపలి దారి గచ్చులా నున్నబడిపోతుంది, కంచె వైపు మట్టి పోగవుతుంది. ఆ మట్టిలో చక్రానికి పట్టు దొరుకుతుంది కాబట్టే వెనకబడ్డవాడు చుట్టు తిరిగి వచ్చినా అందుకోగలుగుతాడు. మధ్యాహ్నం ఎండా గాలీ గట్టిగా ఉంటే పోసిన నీళ్లు పోటీ సగానికి ఉండవు. బయటి మట్టి దుమ్మైపోతుంది. ఇక గేట్‌లో, అంటే స్టార్టులో, ముందు దూకినవాడిదే రేసు.

పోనీ నీళ్లు ఎక్కువ పోద్దామంటే గుంటలు పడతాయి. పాతకాపులు ఎలాగో నెట్టుకొస్తారు, రిజర్వులో దిగే కుర్రాళ్లు పడతారు. మీ బెల్ వ్యూ రైడర్, 1955లోనూ 1962లోనూ ప్రపంచ విజేత అయిన పీటర్ క్రేవెన్, 1963లో ఎడిన్‌బరోలో కిందపడ్డ రైడర్‌ను తప్పించబోయి కంచెకు గుద్దుకున్నాడు. కొద్ది రోజులకే పోయాడు. రేసు పండాలి అని మనం కంచె ఇవతల నిలబడి అనేస్తాం. నీళ్ల పైపు పట్టుకున్నప్పుడు నాకు ముందు ఆ కుర్రాళ్లే గుర్తొస్తారు.

షెఫీల్డ్ అన్నా, సొంత ట్రాకు మీద బయటి దారి ఎక్కడ పట్టిస్తుందో మనవాళ్లకే బాగా తెలుస్తుంది. మట్టి ఉన్న ట్రాకు మీద కూడా గెలవొచ్చు.

మలక్‌పేట బాబాయ్:

అమ్మా, రూల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. ప్రతి రైడర్‌కూ తెచ్చిన పాయింట్లను బట్టి ఒక సగటు ఉంటుంది. జట్టు కట్టేటప్పుడు అందరి సగటులూ కలిపి ఒక పరిమితి దాటకూడదు. ఈ ఏడాది బాగా గెలిస్తే సగటులు పెరుగుతాయి, వచ్చే ఏడాది అదే జట్టును ఉంచుకోవడం కష్టం. మలక్‌పేట రేసుల్లో మంచి గుర్రం మీద బరువు ఎక్కువ వేస్తారే, అలాంటిదే. పోటీ బిగుతుగా ఉంటుంది, నిజమే. కానీ మనసుపడ్డ రైడర్ మరుసటి ఏడాది ఎదుటి జట్టు రంగుల్లో వస్తే చూడటం నావల్ల కాదు.

ఒకప్పుడు ఇంకోటి ఉండేది. బాగా వెనకబడ్డ జట్టు ఒక రైడర్‌కు నలుపు తెలుపు హెల్మెట్ పెట్టి దింపితే అతని పాయింట్లు రెట్టింపు. స్కోరు దగ్గరయ్యేది గానీ రేసు దగ్గరయ్యేది కాదు. తీసేసి మంచి పని చేశారు.

లాంగ్‌సైట్ అక్క:

అందరికీ థ్యాంక్స్. షేల్ తమ్ముడూ, మీ మాట చదివాక ఆ రోజు వాతావరణం గుర్తు తెచ్చుకున్నాను. పొద్దుటి నుంచీ ఎండే. క్లబ్బును అనుమానించినందుకు బాధగా ఉంది. కుర్రాళ్ల మాట కూడా నాకు తట్టలేదు, రోజూ ఎముకలు విరిగినవాళ్లను చూసేదాన్నై ఉండి.

షెఫీల్డ్ తమ్ముడూ, మీ పక్కాయన చెయ్యి పట్టుకున్న సంగతి చదివి కళ్లు చెమర్చాయి. అయినా నేను మారలేదు. మా వార్డు పెద్దాయన 1987లో మూతబడిన మా జట్టు పాత ట్రాకు హైడ్ రోడ్ గురించి ఎప్పుడు చెప్పినా 1976 ప్రపంచ విజేత పీటర్ కాలిన్స్ దగ్గరే ఆగుతారు. అతను గేట్‌లో వెనకబడితే జనం దిగులు పడేవాళ్లు కాదట, లేచి నిలబడేవాళ్లట. ఆయన నోట ఒక్క స్కోరు కూడా నేను వినలేదు.

2022లో, 2024లో లీగ్ గెలిచింది ఇదే వెడల్పైన మలుపులున్న ట్రాకు సొంతం చేసుకున్న జట్టు. కాబట్టి 44-46తో ఓడిన రాత్రులు నాలుగు వచ్చినా నేను వస్తాను. ట్రాకు మాత్రం మట్టితో ఉండాలి.

ఈ సోమవారం మేం మెయిన్ స్టాండ్ వదిలేసి రెండో మలుపు బయట నిలబడుతున్నాం. అక్కడ షేల్ మొహాన కొడుతుందని మావాడికి కళ్లద్దాలు కొన్నాను. హీట్ల మధ్య ట్రాక్టర్ మట్టిని ఎటు లాగుతోందో కూడా చూస్తాం. తమ్ముడూ, మొదట దేన్ని గమనించాలో చెప్తారా?