న్యూయార్క్‌కు కొత్తగా వచ్చిన కుటుంబానికి: నగరం కల్పించిన ఆహార సదుపాయాల్లో ఏవి తీసుకోవచ్చు?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను హెచ్-1బి వీసా మీద కుటుంబంతో సహా ఇటీవలే న్యూయార్క్‌కు వచ్చి క్వీన్స్‌లో అద్దెకు దిగాను. మా అమ్మాయిని దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలలో మూడవ తరగతిలో చేర్చాము. బాబుకు ఇంకా మూడేళ్లే. బడివారు మధ్యాహ్న భోజనం ఉచితమని చెబుతూనే, కుటుంబ ఆదాయ వివరాలు అడిగే ఫారం ఒకటి ఇంటికి పంపారు. మొదటి జీతం చేతికి రావడానికి ఇంకా వ్యవధి ఉంది. వెంట తెచ్చుకున్న డబ్బు అడ్వాన్సుకూ అద్దెకూ చాలావరకు అయిపోయింది. పక్క అపార్టుమెంటులోని పెద్దావిడ దగ్గరలో ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉందనీ, వెళ్లి సరుకులు తెచ్చుకోమనీ అంటున్నారు. మా బంధువులేమో ప్రభుత్వం నుంచి ఏది ముట్టుకున్నా రేపు గ్రీన్ కార్డుకు అడ్డు వస్తుందని హెచ్చరిస్తున్నారు. ఏది తీసుకోవచ్చో, ఏది కూడదో, ఆ ఫారం నింపాలో వద్దో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు (క్వీన్స్ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి)

నమస్కారమండీ. మీరు చెప్పినవాటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మీ బంధువులకు ఆ భయం కలుగుతున్నదని నా అభిప్రాయం. ఇక్కడ ఆహార సాయంలో కొంత నగరం తన సొంత డబ్బుతో చేసేది, కొంత ఫెడరల్ ప్రభుత్వం డబ్బిస్తే నగరమో రాష్ట్రమో నడిపేది. అందుచేత ఏదైనా ఉచితమని ఎవరైనా చెప్పినప్పుడు, దాని దరఖాస్తులో ఏమేమి అడుగుతారు, వీసా వివరాలు అడుగుతారా లేదా అన్నది ముందు కనుక్కోండి. అది తెలిస్తే మీ సందేహాల్లో ముప్పాతిక వంతు అక్కడికక్కడే తీరిపోతాయి.

బడి భోజనం విషయంలో అసలు సందేహమే అక్కరలేదు. 2017 సెప్టెంబరు నుంచి న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పిల్లలందరికీ, తల్లిదండ్రుల సంపాదనతో నిమిత్తం లేకుండా, మధ్యాహ్న భోజనం ఉచితం. ఉదయం ఫలహారం అంతకు చాలా ముందునుంచే ఉచితంగా పెడుతున్నారు. పూర్వం ఉచితంగా తినేవారెవరో, డబ్బు కట్టి తినేవారెవరో తోటి పిల్లలకు తెలిసిపోయేది కనుక, అర్హత ఉండి కూడా నామోషీపడి తినకుండా ఉండిపోయే పిల్లలు ఉండేవారు. అందరికీ ఉచితం చేయడం వెనుక ఉన్న ముఖ్య కారణాల్లో అదొకటి. కాబట్టి మీ అమ్మాయి బడిలో తినడం అంటే ఎవరి దగ్గరో చేయి చాచడం కాదు, పక్కన కూర్చున్న పిల్లలు తింటున్నదే తనూ తినడం.

ఇక ఆ ఫారం సంగతి. అది కుటుంబ ఆదాయ విచారణ ఫారం. మీరు నింపినా నింపకపోయినా పాపకు భోజనం పెడతారు. అయితే వచ్చిన ఫారాలను బట్టి ఆ బడికి రావలసిన కొన్ని నిధుల లెక్క తేలుతుంది, అందువల్ల మీ ఆదాయం ఎక్కువైనా తక్కువైనా నింపి పంపడమే మేలు. జీతం బాగానే వచ్చే మనవాళ్లు చాలామంది ఇది పేదల ఫారమని పక్కన పడేస్తారు. తల్లిదండ్రుల సంఘం సమావేశాల్లో ప్రతి ఏడూ ఇదే మొర వినబడుతుంది.

మీరు శాకాహారులైతే ఇంకొక మాట. 2022 ఫిబ్రవరి నుంచి నగర పాఠశాలల్లో శుక్రవారపు వంటకాలు మొక్కల ఆధారితమైనవే. మిగతా రోజుల్లోనూ మాంసం లేనిది అడగవచ్చు. ఏ నెలకు ఆ నెల వంటకాల పట్టిక విద్యాశాఖ వెబ్‌సైటులో పెడతారు, దాన్ని పాపతో కలిసి ముందే చూసుకోండి. ఫెడరల్ నియమాల ప్రకారం పళ్లెంలో ఐదు భాగాలు ఉండాలి: ధాన్యం, మాంసం లేదా దానికి బదులుగా మాంసకృత్తులిచ్చే పదార్థం, పండు, కూరగాయ, పాలు. వీటిలో కనీసం మూడు తీసుకుని, అందులో ఒకటి పండో కూరగాయో అయ్యేలా చూసుకుంటే మిగిలినవి వద్దనే వెసులుబాటు కూడా ఆ నియమాల్లోనే ఉంది. చిన్న తరగతులకు మీ బడిలో ఆ పద్ధతి పాటిస్తారేమో భోజనశాల మేనేజరును అడగండి. కొత్తగా వచ్చిన పిల్లలకు భాష తడబడి, వద్దన్నది వద్దని చెప్పలేక, పళ్లెం ముట్టకుండానే తీసుకువెళ్లి చెత్తబుట్టలో వేసి రావడం నేను బడిలో స్వచ్ఛందంగా పనిచేసేటప్పుడు చూశాను. ఆ ఒక్క వాక్యం ఇంట్లో నేర్పి పంపితే చాలు.

వేసవి సెలవుల్లో కూడా నగరం కొన్ని బడుల్లో, పార్కుల్లో, గ్రంథాలయాల దగ్గర భోజనం పెడుతుంది. 18 ఏళ్లు, అంతకు లోపు వయసున్న ఎవరైనా తినవచ్చు. పేరు నమోదు చేయించుకోనక్కరలేదు, గుర్తింపు కార్డు చూపనక్కరలేదు, ఆ బడిలోనే చదువుతూ ఉండాలన్న నియమమూ లేదు. మీ బాబుకూ అది వర్తిస్తుంది.

ఇప్పుడు ప్యాంట్రీ. నగర సాంఘిక సేవల విభాగం 1983లో అత్యవసర ఆహార సాయ పథకం ఒకటి మొదలుపెట్టింది. దాన్నే ఇప్పుడు కమ్యూనిటీ ఫుడ్ కనెక్షన్ అంటున్నారు. నగరం నేరుగా దుకాణం తెరవదు. చర్చిలు, మసీదులు, స్వచ్ఛంద సంస్థలు నడిపే వందలాది ప్యాంట్రీలకూ, వండిన భోజనం పెట్టే సూప్ కిచెన్లకూ సరుకులు సమకూరుస్తుంది. ప్యాంట్రీకి వెళితే పేరు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఏ జిప్ కోడ్ అన్నవి అడుగుతారు. ఫెడరల్ ప్రభుత్వం పంపిన సరుకులు కూడా ఇచ్చేచోట, ఆదాయం ఇంతకు మించలేదని మీచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవచ్చు. వీసా సంగతి అడగరు. కొన్ని చోట్ల కట్టిన సంచి చేతికిస్తారు, కొన్ని చోట్ల అరల మధ్య తిరిగి కావలసినవి ఏరుకోనిస్తారు. మనకు రెండో రకమే నయం, ఎందుకంటే తినని డబ్బాలు ఇంటికి మోసుకువచ్చే బెడద ఉండదు. తెరిచే వేళలు తరచు మారుతుంటాయి కనుక, నగరం నడిపే ఫుడ్‌హెల్ప్ డాట్ ఎన్‌వైసీ పటంలో చూసి, ఫోన్ చేసి మరీ వెళ్లండి. నగర సమాచార కేంద్రం నంబరు 311కు ఫోన్ చేసినా చెబుతారు. తెలుగులో మాట్లాడాలని అడిగితే దుభాషిని కలుపుతారు. పట్టుకుపోవడానికి చక్రాల బండి ఒకటి ఉంటే సుఖం.

రెండవ జవాబు (వలస చట్టాల వ్యవహారాలు దగ్గరగా చూసిన సభ్యుడు)

పై జవాబులోని ప్రతి మాటతోనూ ఏకీభవిస్తూ, మీ బంధువుల భయం ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను, ఎందుకంటే అది పూర్తిగా గాలి కబురు కాదు. 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి వరకు అమలులో ఉన్న పబ్లిక్ ఛార్జ్ నియమం (దరఖాస్తుదారు ప్రభుత్వ సాయం మీద ఆధారపడే మనిషా అని చూసేది) గ్రీన్ కార్డు దరఖాస్తుదారులు స్నాప్, అంటే సరుకులు కొనుక్కోవడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం, తీసుకోవడాన్ని లెక్కలోకి తీసుకునేది. ఆ ఏడాదిలో పుట్టిన మాటే ఇంకా ఊళ్లు తిరుగుతున్నది. అప్పుడు కూడా బడి భోజనం గానీ, బాలింతలకూ పసిపిల్లలకూ ఇచ్చే విక్ గానీ ఆ లెక్కలో లేవు. 2022 డిసెంబరు 23న అమలులోకి వచ్చిన నియమం ప్రకారం జీవనానికి ప్రభుత్వం ఇచ్చే నగదు సాయమూ, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉండి పొందే సంరక్షణా మాత్రమే లెక్కకు వస్తాయి. అయితే ఈ నియమాన్ని తొలగించాలన్న ప్రతిపాదన 2025 నవంబరులో వెలువడింది. అందుచేత ఫెడరల్ పథకానికి దేనికైనా మీ పేరున దరఖాస్తు పెట్టే ముందు, ఆనాటికి ఏ నియమం నడుస్తున్నదో వలస న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. 311 ద్వారా నగరం ఏర్పాటు చేసిన ఉచిత న్యాయసలహా కూడా దొరుకుతుంది.

స్నాప్ గురించి మీకు వేరే చింత అవసరం లేదు, ఎందుకంటే హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి అసలు దానికి అర్హతే లేదు. గ్రీన్ కార్డు వచ్చాక కూడా పెద్దవారు సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం ఆ నిరీక్షణ లేదు. ఎవరైనా మీకు స్నాప్ సాయం వాడుకునే ఈబీటీ కార్డు ఇప్పిస్తామని డబ్బు అడిగితే అది మోసమని తెలుసుకోండి. దరఖాస్తుకు రుసుము ఉండదు.

మూడవ జవాబు (బ్రాంక్స్ నుంచి, పరిశోధక విద్యార్థిని)

ఈ ప్రశ్న చదివే విద్యార్థుల కోసం రెండు ముక్కలు. విక్‌లో వలస స్థితి అడగరు. గర్భిణులు, బాలింతలు, ఐదేళ్ల లోపు పిల్లలు అర్హులు. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 185 శాతం మించకూడదు. ఉద్యోగస్థుల్లో చాలామంది ఈ గీత దాటిపోతారు కానీ, ఒక్క స్టైపెండు మీద సంసారం ఈదే పీహెచ్‌డీ దంపతులు పసిబిడ్డ ఉంటే తప్పక లెక్కవేసి చూసుకోవాలి. రెండవది, 2018లో రాష్ట్ర ప్రభుత్వం సునీ (రాష్ట్ర విశ్వవిద్యాలయం), క్యూనీ (నగర విశ్వవిద్యాలయం) కళాశాలలన్నిటిలోనూ ప్యాంట్రీ గానీ, నామోషీ లేకుండా ఆహారం అందే మరో ఏర్పాటు గానీ ఉండాలని నిర్దేశించింది. విద్యార్థి కార్డు ఉంటే చాలు. మా విభాగంలో మనవాళ్లు దాని తలుపు ముందునుంచే రోజూ నడిచి వెళతారు, లోపలికి మాత్రం తొంగి చూడరు.

నాలుగవ జవాబు (న్యూజెర్సీకి మారిన పాత సభ్యుడు)

నా మాట కటువుగా ఉంటే మన్నించండి. ఐటీ జీతం వచ్చేవాళ్లు ప్యాంట్రీ వరుసలో నిలబడటం నాకు సమ్మతం కాదు. ఆ సరుకు నిజంగా ఆకలితో ఉన్నవారికోసం పెట్టినది. బడి భోజనం వేరు, అది అందరిదీ. మొదటి జీతం వచ్చేదాకా స్నేహితుల దగ్గర చేబదులు తీసుకోవడం మన మర్యాదకు తగిన పని.

మొదటి జవాబు రాసిన సభ్యురాలి నుంచి మళ్లీ

పెద్దవారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. జీతం మొదలైన తరువాత కూడా ఊరికే దొరుకుతుంది కదా అని ప్యాంట్రీకి వెళ్లేవారిని నేనూ సమర్థించను. కానీ చేతిలో డబ్బు లేని నెలలో ఇద్దరు పిల్లలున్న కుటుంబం అవసరంలో ఉన్న కుటుంబమే. ప్యాంట్రీ నడిపేవారు అడిగేది ఈ వారం ఇంట్లో ఏముందనే తప్ప, వచ్చే ఏడు జీతం ఎంత అని కాదు. నిలదొక్కుకున్నాక అక్కడే ఒక శనివారం సంచులు కట్టడానికి వెళ్లండి, మనుషులకు ఎప్పుడూ కరువే.

ప్రశ్న అడిగినవారికి తెలియవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. వీటికి ఆదాయంతోనూ వీసాతోనూ పనిలేదు. తాజా కూరగాయలు దొరకని పేటలు ఈ నగరంలో చాలా ఉన్నాయని గుర్తించి, 2008లో నగర మండలి గ్రీన్ కార్టుల చట్టం చేసింది. తాజా పండ్లూ కూరగాయలూ మాత్రమే, కోయకుండా అమ్మే తోపుడు బండ్లకు, ఎంపిక చేసిన ప్రాంతాల్లో 1,000 వరకు పర్మిట్లు ఇచ్చే ఏర్పాటది. మరుసటి ఏడాది, 2009లో, ఫ్రెష్ అనే పథకం వచ్చింది: అలాంటి పేటలో భవనం కట్టేవారు కింద కిరాణా దుకాణానికి చోటిస్తే, పైన మామూలుగా అనుమతించే దానికన్నా ఎక్కువ కట్టుకోనిస్తారు. ఆ దుకాణంలో కనీసం 500 చదరపు అడుగులు తాజా పండ్లకూ కూరలకూ కేటాయించాలన్నది షరతు. ఈ పథకం మీద నాకు కొంత అసంతృప్తి ఉంది. దుకాణం దగ్గరకు వచ్చినంత మాత్రాన ధర దగ్గరకు రాదు. కొత్త భవనం వచ్చిన వీధిలో అద్దెలూ పెరుగుతాయి. దుకాణాలను నగరమే నడపాలని, బరోకు (క్వీన్స్, బ్రాంక్స్ వంటి నగర విభాగానికి) ఒకటి చొప్పున తెరుస్తానని మేయర్ మమ్దానీ 2025 ఎన్నికల్లో వాగ్దానం చేసింది ఈ ధర సమస్య గురించే. నగరం అంగళ్లు కట్టడం ఇక్కడ కొత్తేమీ కాదు. 1930లలో మేయర్ లా గార్డియా తోపుడు బండ్లను వీధుల నుంచి తీసి కప్పు కింద చేర్చాలని మార్కెట్లు కట్టించడం మొదలుపెట్టాడు. ఆ వరుసలో 1940లో తెరిచిన ఎసెక్స్ మార్కెట్, ఆర్థర్ అవెన్యూ మార్కెట్ ఈనాటికీ నడుస్తున్నాయి.

రైతుబజార్లలో హెల్త్ బక్స్ అని రెండు డాలర్ల కూపన్లు వాడటం చూస్తారు. 2005 నుంచి ఆరోగ్య శాఖ ఇస్తున్నవి అవి. ముఖ్యంగా ఈబీటీతో కొనేవారికి ఇస్తారు, కొన్ని స్వచ్ఛంద సంస్థలు కూడా తమ కార్యక్రమాల్లో పంచుతుంటాయి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఫారం ఈరోజే నింపి పంపాను. గ్రీన్ కార్డు ఉన్న మా అత్తగారు త్వరలో మా దగ్గర ఉండటానికి వస్తున్నారు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. పెద్దవారి కోసం కూడా ఇటువంటివేమైనా ఉన్నాయా?

మొదటి సభ్యురాలి జవాబు

ఉన్నాయండీ. నగర వృద్ధుల శాఖ ఐదు బరోలలోనూ పెద్దల కేంద్రాలకు డబ్బిచ్చి నడిపిస్తుంది. 60 ఏళ్లు నిండిన నగరవాసులు ఎవరైనా చేరవచ్చు. మధ్యాహ్నం భోజనం పెడతారు. బల్ల దగ్గర విరాళం పెట్టె ఉంటుంది, అందులో వేయడం మన ఇష్టం, వేయలేదని భోజనం నిరాకరించకూడదన్నది ఫెడరల్ చట్టం. ఆదాయ పరీక్ష ఉండదు. ఒక్కో కేంద్రం వంట ఒక్కో రకం. క్వీన్స్‌లో దక్షిణాసియా పెద్దలు ఎక్కువగా వచ్చే కేంద్రాలు కూడా ఉన్నాయి, 311లో అడిగితే దగ్గరలోనివి చెబుతారు. చేర్పించే రోజున మీరు కూడా వెళ్లి ఒక పూట అక్కడ కూర్చోండి; వయసు తెలిపే కాగితం, ఇంటి చిరునామా ఉన్న కాగితం వెంట ఉంచుకోండి.

ఆవిడకు మొక్కల మీద ఆసక్తి ఉంటే, పార్కుల శాఖలోని గ్రీన్‌థంబ్ విభాగం కింద నగరమంతటా 550కి పైగా సామూహిక తోటలు ఉన్నాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు చివరిదాకా వారానికి కనీసం 20 గంటలు అందరికోసం గేటు తెరిచి ఉంచాలన్నది వాటి నియమం. సొంతంగా మడి దొరకడానికి చాలాచోట్ల వరుసలో వేచి ఉండాలి కానీ, పని చేస్తామంటే సభ్యులుగా చేర్చుకుంటారు. తెరిచే వేళలు గేటుకు కట్టిన బోర్డు మీద రాసి ఉంటాయి.